కస్తూరి కుడిచెయ్యి

మా నరసమ్మ గారిని ఏదైనా అడిగితే ఆ రోజున జవాబు రాదు. "ఊఁ" అని తల పంకించి, చున్నీ నడుముకి బిగించుకుని, తన పనిలో తాను పడిపోతారు. మర్నాడో, వారం పోయాకో ఏదో ఒక పని చేస్తారు. ఆ పనే జవాబని మనం పోల్చుకోవాలి. పోల్చుకోలేకపోతే మన ఖర్మ, రెండోసారి చెప్పరు. పన్నెండేళ్ళుగా ఆవిడ బడిలో హార్మోనియం వాయిస్తున్నాను కనుక ఈ మాట ధైర్యంగా చెప్పగలను. నేను అడిగిన ప్రశ్నల్లో సగానికి జవాబులు ఎప్పుడో వచ్చేశాయనీ, అవి నా బుర్రకే ఎక్కలేదనీ నాకొక అనుమానం.

నరసమ్మ గారు నేర్పేది బ్యాలే. గాజువాకలో ఒక ఎలక్ట్రికల్ సామాన్ల కొట్టు పైన, మొదటి అంతస్తులో బడి. బోర్డు మీద అప్పలనరసమ్మ అన్న పేరూ, దాని కింద బ్యాలే అన్న మాటా చూసి, పెయింటరు ఎవరివో రెండు బోర్డులు కలిపేశాడనుకుని సగం మెట్ల మీంచే దిగిపోయిన తల్లిదండ్రులు ఉన్నారు. ఆవిడ తప్పేమీ లేదు. ఉక్కు కర్మాగారం కడుతున్న రోజుల్లో, రష్యా ఇంజనీర్ల క్వార్టర్లలో ఆవిడ తల్లి వంట చేసేది. తల్లి కొంగు పట్టుకుని వెళ్ళిన పదేళ్ళ పిల్లని ఒక ఇంజనీరు భార్య, వాల్యా అనే ఆవిడ, వంటింట్లోంచి పిలిచి కిటికీ చువ్వ పట్టుకుని నిటారుగా నిలబడమంది. బ్యాలేలో మొదటి పాఠం అదేనట. అలా ఆరేళ్ళు నిలబెట్టింది. వాళ్ళు మూటాముల్లె సర్దుకుని వెళ్ళిపోయాక ఆ నిలబడడం ఒక్కటీ ఈవిడకు మిగిలింది. పెళ్ళి చేసుకోలేదు. యాభై దాటాయి. ఇప్పటికీ ఒంటికాలి వేళ్ళ మీద లేచి గిర్రున తిరిగితే పక్కనున్న క్యాలెండరు కాగితాలు లేస్తాయి.

బ్యాలేకి హార్మోనియం ఏమిటని నవ్వేవారు నవ్వవచ్చు. పియానో ఈ మెట్లు ఎక్కదు, నేను ఎక్కుతాను. అంతకు ముందు ముప్పై ఏళ్ళు పద్యనాటకాలకు వాయించాను. కృష్ణుడి వేషగాడు పద్యం చివర రాగం ఎత్తుకుని ఊపిరున్నంతసేపూ లాగితే, ఆయన దిగేదాకా కింద పట్టుకుని ఉండడమే నా వృత్తి. వన్స్ మోర్ అన్నారంటే మళ్ళీ అంతసేపూ పట్టాలి. ఈ అలవాటు మూలంగా తరవాత నేనొక మాట పడవలసి వచ్చింది, అందుకే ముందుగా చెప్పుకుంటున్నాను.

ఇంకొక్క సంగతి చెప్పి కథలోకి వస్తాను. గిరికీ కొట్టేటప్పుడు కళ్ళు తిరక్కుండా ఉండాలంటే చూపు ఒకచోట ఆనాలి. ఒళ్ళు ముందు తిరుగుతుంది, తల చివరిదాకా ఆగి, చటుక్కున తిరిగి మళ్ళీ ఆ చోటికే రావాలి. మా బడిలో ఆ చోటు కోసం ప్రతి పిల్లా తన నొసటి స్టిక్కరు బొట్టు తీసి, ఎదుటి అద్దం మీద సరిగ్గా తన కళ్ళ ఎత్తున అంటించుకుంటుంది. పదహారు మంది పిల్లలకీ పదహారు బొట్లు. క్లాసు కాగానే ఎవరి బొట్టు వారు తీసి నొసట పెట్టుకుని ఇళ్ళకు పోతారు. చిన్నపిల్లల బొట్లు కనుక ఆ వరుస అద్దానికి బాగా కిందుగా ఉండేది. కిందటి ఏడాది ఒకనాడు ఆ వరుసకు జానెడు పైన, కాస్త పెద్దది, మెరూన్ రంగు బొట్టు ఒకటి వచ్చి చేరింది.

అది కస్తూరిది. వయసు నలభై ఒకటి. తొమ్మిదేళ్ళ పిల్లల మధ్య చువ్వ పట్టుకుని నిలబడడానికి సిగ్గు పడలేదు గానీ, నిలబడ్డాక ఏంచేయాలో తెలియక తెగ నవ్వింది. నాట్యం రాకపోవడమా అంటే అదేం కాదు. ఆవిడా, ఆవిడ భర్త భూషణం గారూ విశాఖలో ఇరవై ఏళ్ళుగా సల్సా, చాచాచా లాంటి లాటిన్ నాట్యాలు నేర్పుతున్నారు. భూషణం గారు వయసులో ఉండగా సరుకు ఓడల మీద వంట చేసేవారు. ఓడ దక్షిణ అమెరికా రేవుల్లో ఆగినప్పుడల్లా, సాయంత్రం పూట వీధుల్లో జంటలు జంటలుగా ఆడేవాళ్ళని చూసి, నిలబడి, చివరికి తానూ కాలు కలిపి నేర్చుకున్నారు. పెళ్ళయ్యాక వంటింట్లో పొయ్యికీ గూటికీ మధ్య భార్యకు నేర్పారు. ఆ పైన ఓడ మానేసి బడి పెట్టారు.

వాళ్ళ బడి వార్షికోత్సవంలో చివరి అంశం ఎప్పుడూ ఒకటే. భూషణం గారు చెయ్యెత్తుతారు, ఆ చేతి వేళ్ళు పట్టుకుని కస్తూరి తిరుగుతుంది. పది, పన్నెండు గిరికీలు. జనం పైకే లెక్కపెడతారట. కిందటేడు భూషణం గారి మోకాలికి ఆపరేషన్ చేశారు. నడవచ్చు, మెట్లెక్కవచ్చు, నాట్యం మీద మాత్రం ఆశ వదులుకోమన్నారు డాక్టరు. కస్తూరి తమ శిష్యుల్లో ఒక మంచి కుర్రాడి చెయ్యి పట్టుకుని చూసింది. "ఆ చెయ్యి మంచిదేనండి. నా ఒళ్ళే దాని మాట వినలేదు" అంది మాతో. ఒంటరిగా తిరగడం నేర్పే నాట్యం ఏదని వాకబు చేస్తే అందరూ బ్యాలే అన్నారు. అలా మా మెట్లు ఎక్కింది.

మొదటి రోజునే నరసమ్మ గారికి విషయం చెప్పేసింది. "ఇంక ఏడు వారాల్లో మా ఇరవయ్యో వార్షికోత్సవం టీచరమ్మా. చివర నేనొక్కదాన్నీ తిరగాలి. తిరగలేకపోతే ఆ రోజే బడి మూసేద్దామని ఆయనకి చెప్పేసేను. ఆయన ఊఁ అనలేదు, ఉఁహూఁ అనలేదు." భూషణం గారు చేతికర్రా, ఫ్లాస్కూ పెట్టుకుని కిటికీ దగ్గర బల్ల మీద కూర్చుని, ఆ మాట తనది కానట్టు రోడ్డు మీద పోయే లారీలను చూస్తున్నారు.

కస్తూరి కష్టపడే మనిషి. ఇరవై ఏళ్ళ నుంచి ఊగడానికి అలవాటు పడిన నడుముని రెండు వారాల్లో ఊరుకోబెట్టింది. మోకాళ్ళు బిగించడం, పాదాలు పక్కలకు తిప్పి నిలబడడం పట్టుబడ్డాయి. ఒక్క కుడిచెయ్యి మాత్రం ఆవిడ స్వాధీనంలో లేదు. బ్యాలే గిరికీలో రెండు చేతులూ పొట్ట ముందు గుండ్రంగా, పెద్ద గుమ్మడికాయ ఎత్తుకున్నట్టు ఉండాలి. ఈవిడ తిరగబోయే క్షణానికి కుడిచెయ్యి గుమ్మడికాయను వదిలేసి నెత్తి మీదికి లేచేది. లేచి, వేళ్ళు అరవిచ్చుకుని, అక్కడ లేని ఇంకొక చేతి కోసం వెతికేది.

మా బడిలో మోక్షిత అని తొమ్మిదేళ్ళ పిల్ల ఉంది. అందరికంటే బాగా తిరుగుతుంది, అందరి తప్పులూ అదే పట్టుకుంటుంది. "ఆంటీ బస్సులో కమ్మీ పట్టుకుంటున్నారు టీచరమ్మా" అంది ఒకనాడు. అంతే, కస్తూరి చెయ్యి లేచినప్పుడల్లా పిల్లలందరూ "రైట్ రైట్" అని అరవడం మొదలుపెట్టారు. కస్తూరి కూడా వాళ్ళతో కలిసి నవ్వేది. నవ్వుతూనే అద్దంలో తన చేతిని దించేది, మళ్ళీ తిరగబోతే మళ్ళీ లేచేది.

నరసమ్మ గారు ఒక స్టీలు తాంబాళం తెచ్చి రెండు చేతులతో పట్టుకుని తిరగమన్నారు. చెయ్యి ఆగింది గానీ అసలు జబ్బు అప్పుడే బయటపడింది. కస్తూరి తిరగడానికి అరక్షణం ఆలస్యంగా బయల్దేరుతోంది. సిద్ధంగా నిలబడుతుంది, తాళం దెబ్బ పడుతుంది, ఆవిడ ఎవరో చెప్పాలన్నట్టు ఆగుతుంది, ఆ తరవాత కదులుతుంది. ఆ అరక్షణంలో ఊపు చచ్చిపోయి ముప్పావు చుట్టుకే ఒరిగిపోయేది. పైగా చూపు అద్దం మీది బొట్టుకు పోకుండా కిటికీ దగ్గరి భర్త మొహం మీదికి పోయేది. ఆయన్ని గది బయట మెట్ల దగ్గర కూర్చోబెడితే తల గుమ్మం వైపు తిరగడం మొదలైంది.

ఇందులో నా పాపం కూడా ఉంది. ఆవిడ ఆగినప్పుడల్లా నా వేళ్ళు వాటంతట అవే హార్మోనియం మెట్టు మీద ఆగి, స్వరం సాగదీసేవి. కృష్ణుడి కోసం ఆగిన చేతులు కస్తూరి కోసం ఆగవా. ఆడలేక మద్దెల ఓడు అన్న సామెత అందరికీ తెలిసిందే. ఇక్కడ పాపం ఆవిడ ఏనాడూ హార్మోనియాన్ని ఒక్క మాట అనలేదు, హార్మోనియమే ఆవిణ్ణి పాడుచేస్తోంది. నరసమ్మ గారు కనిపెట్టేశారు. "మాస్టారూ, ఆవిడ మీకోసం ఆగి, మీరు ఆవిడకోసం ఆగి, ఇద్దరూ అలగే కూకుంటే మొదలెట్టేదెవరు?" అన్నారు. ముప్పై ఏళ్ళ అనుభవాన్ని పిల్లల ముందు అలా అన్నందుకు ఆ సాయంత్రమంతా నాకు కోపంగానే ఉంది.

వార్షికోత్సవం పన్నెండు రోజుల్లోకి వచ్చింది. ఆ రోజు కస్తూరి మూడుసార్లు తూలి, నాలుగోసారి నేల మీద కూలబడింది. దెబ్బ తగల్లేదు. పిల్లలు వెళ్ళిపోయాక కూడా అక్కడే కూర్చుని బూట్ల నాడాలు విప్పుతోంది. ఊరడిద్దామని నేను నోరు తెరిచి, "మొక్కై వంగనిది మానై వంగునా అన్నారమ్మా, నీ తప్పేం లేదు" అన్నాను. అన్నాక గాని అది ఊరడింపు కాదని నాకు తెలియలేదు. నరసమ్మ గారు నా వైపు చూసిన చూపు ఇప్పటికీ మరిచిపోలేదు.

కస్తూరి తలెత్తి, "టీచరమ్మా, ఒకటి అడుగుతాను, నిజం చెప్పండి" అంది. "ఈ తిరగడం రావాలంటే ఆ తిరగడం మర్చిపోవాలా? నా చెయ్యి లేస్తోందంటే ఆయన చెయ్యి ఉంటాదనే కదా లేస్తోంది. అది మర్చిపోతే గాని నేను తిరగలేనంటే, నాకీ విద్య వద్దు. బడి మూసేస్తాం." గుమ్మం అవతల చేతికర్ర నేలకు తగిలిన చప్పుడైంది, ఆయనకూ వినపడింది కాబోలు. ఒక మనిషికి తన విద్యా తన సంసారమూ ఒకే చేతిలో ఉండడం నేనెప్పుడూ చూడలేదు. నాకు చాలా జాలి వేసింది.

నరసమ్మ గారు "ఊఁ" అన్నారు. అద్దం మీద మిగిలిపోయిన మెరూన్ బొట్టు తీసి కస్తూరి నొసట పెట్టి, కిటికీ తలుపులు వేసుకుని వెళ్ళిపోయారు.

మర్నాడు పిల్లలందర్నీ గోడవార కూర్చోమన్నారు. గది మధ్యకు వచ్చి కస్తూరి ముందు కుడిచెయ్యి చాచారు. "మీ సల్సా నాకు నేర్పు. నన్ను తిప్పు."

కస్తూరి తెల్లబోయింది. "నేనెలా తిప్పగలనండి? నేను తిరిగేదాన్ని. తిప్పేది ఆయన. పిలుస్తానుండండి."

"ఆయన్ని నేనేటి చేసుకుంటాను. నిన్నడిగేను" అన్నారు నరసమ్మ గారు. నా వైపు తిరిగి, "మాస్టారూ, ఏదో ఒహటి కొట్టండి" అన్నారు.

సల్సాకి ఏం కొట్టాలో నాకేం తెలుసు. నాటకంలో విదూషకుడు కర్ర తిప్పుకుంటూ వచ్చేటప్పుడు వాయించే హుషారు ముక్క ఒకటుంది, అది అందుకున్నాను. కస్తూరి మొహమాటంగా నరసమ్మ గారి వేళ్ళు పట్టుకుని, మూడు అడుగులు ముందుకూ వెనక్కూ నడిపించి, చెయ్యెత్తబోయింది. చెయ్యి భుజం దాటకముందే నరసమ్మ గారు రెండు చుట్లు తిరిగేసి, మోచెయ్యితో కస్తూరి చెవి కమ్మని కొట్టి, ఆవిడ కాలు తొక్కి ఆగారు. రెండోసారీ అంతే. మూడోసారి కస్తూరి జడ ఆవిడ భుజానికి చుట్టుకుంది. టీచరమ్మ తప్పు చెయ్యడం మా పిల్లలు పుట్టాక చూడలేదు. మోక్షిత ముక్కు మీద వేలేసుకుంది.

ఇరవై ఏళ్ళు పాఠం చెప్పిన మనిషి కనుక కస్తూరికి అప్పుడు మొహమాటం పోయింది. వీపు నిటారుగా అయింది. "ఆగాలి టీచరమ్మా. చెయ్యి చెప్పేదాకా ఆగాలి. మీరు నాకంటే ముందు పోతన్నారు."

"తిరిగేది నేను కదేటి. నీకోసం ఎందుకాగాల?"

"తిరిగేది మీరే గానండి, తిప్పేది నేను."

"అలగా? అయితే తిప్పు" అని నరసమ్మ గారు కదలకుండా నిలబడిపోయారు. చెయ్యి కస్తూరి చేతిలో ఉంది, మనిషి మాత్రం బియ్యం బస్తా. కస్తూరి ఆ చేతిని పైకెత్తింది. ఆవిడ కదల్లేదు. పక్కకు లాగింది, అటూ ఇటూ మెలిపెట్టింది, రెండు చేతులతో పట్టుకుని తిరగలి తిప్పినట్టు తిప్పింది. నరసమ్మ గారి గాజు ఒకటి ఊడి గదంతా దొర్లి నా హార్మోనియం కిందికి వచ్చింది గానీ ఆవిడ అంగుళం తిరగలేదు. పిల్లలు పొట్ట పట్టుకుని నవ్వుతున్నారు. కస్తూరికి చెమటలు పట్టాయి.

"మనిషిని చేత్తో తిప్పడం అవదండి" అంది చివరికి, ఆయాసపడుతూ.

"అవదా? మరి ఆయన నిన్నెలగ తిప్పేవోడు?"

కస్తూరి మెలిపెడుతున్న చేతిని వదిలేసింది. నరసమ్మ గారు ఈసారి "పద, సరిగ్గా ఆగుతాను" అన్నారు. విదూషకుడి ముక్క మళ్ళీ మొదలుపెట్టాను. మూడు అడుగులు పడ్డాయి, కస్తూరి చెయ్యి మెల్లగా లేచింది. నరసమ్మ గారు ఆగారు. చెయ్యి నెత్తి మీదికి వచ్చింది. అప్పుడు తిరిగారు. ఒకటి, రెండు, మూడు, కుండలో కవ్వం తిరిగినంత సాఫీగా తిరిగి, అద్దం వైపు మొహం పెట్టి నిలబడ్డారు.

కస్తూరి తన చేతినే చూస్తూ ఉండిపోయింది. తిరగడం అయిపోయినా ఆ చెయ్యి దించలేదు. "బరువే లేదు" అంది తనలో తను. ఆ తరవాత గుమ్మం వైపు తిరిగి, కొంచెం గట్టిగా, "ఏమండీ, ఒకసారి ఇలా రండి" అంది.

భూషణం గారు కర్ర ఊతంతో గుమ్మంలోకి వచ్చి నిలబడ్డారు. బయటి నుంచి అంతా విన్నట్టే ఉంది, దొరికిపోయిన దొంగలా ఉంది ఆయన మొహం.

"నన్ను తిప్పేటప్పుడు నా బరువు మీ చేతికి తెలిసేదా?"

"లేదు."

"ఎప్పుడూనా?"

"వంటింట్లో నేర్చుకున్న కొత్తలో కొంచెం తెలిసీది. తరవాత లేదు. నేను ఊరికే చెయ్యి పైన పెట్టీవోణ్ణి. తిరిగిందంతా నువ్వే కస్తూరీ."

"ఇరవై ఏళ్ళబట్టి? మరి చెప్పలేదేం?"

భూషణం గారు కర్రని ఈ చేతిలోంచి ఆ చేతిలోకి మార్చుకున్నారు. "చెప్తే చెయ్యివ్వడం మానేస్తావేమోనని" అన్నారు.

కస్తూరికి ముందు కోపం వచ్చింది. అది కళ్ళల్లో కనపడింది. తరవాత నవ్వు వచ్చింది, ఆ నవ్వులోనే ఏడుపూ వచ్చింది. మణికట్టుతో కళ్ళు తుడుచుకుని, "మీ సంగతి ఇంటికెళ్ళేక చెప్తాను" అంది. నా కళ్ళు కూడా తడయ్యాయి, చెప్పుకోవడానికి నాకేం సిగ్గులేదు. పిల్లలకు ఏమీ అర్థం కాలేదు. మోక్షిత మాత్రం, ఇందులో ఎవరి తప్పో తేలలేదన్నట్టు అందరి మొహాలూ చూస్తోంది.

నరసమ్మ గారు గాజు తొడుక్కుని చప్పట్లు చరిచారు. "మాటలు చాలు. గిరికీ."

కస్తూరి నొసటి బొట్టు తీసి అద్దానికి అంటించి, వెనక్కి వచ్చి నిలబడింది. నేను ఎప్పటిలాగే ఆగడానికి సిద్ధపడి స్వరం మీద వేలు పెట్టాను. ఆవిడ ఆగలేదు. దెబ్బ పడడమే తడవు లేచిపోయింది. నేనే వెనకబడి, నాటకంలో తెర ఎత్తేశాక పెట్టె తెరిచినవాడిలా గాభరాగా ఆవిణ్ణి అందుకున్నాను. నిండు గిరికీ. సరిగ్గా బొట్టుకు ఎదురుగా వచ్చి ఆగింది. కుడిచెయ్యి మాత్రం నెత్తి మీదే ఉంది. పిల్లలు "రైట్ రైట్" అనబోయి టీచరమ్మ మొహం చూశారు. ఆవిడ "మళ్ళీ" అన్నారు.

మిగిలిన పదకొండు రోజులూ తాంబాళం బయటికి రాలేదు.

వార్షికోత్సవానికి మా పదహారు మంది పిల్లల్నీ వ్యాను కట్టించుకుని తీసుకెళ్ళాము. చివరి నాట్యానికి నేనే వాయించాలని కస్తూరి పట్టుబట్టింది, అందులోనూ ఆ విదూషకుడి ముక్కే కావాలంది. సల్సా నేర్చుకునే డాక్టర్లూ, కొత్త పెళ్ళివారూ హార్మోనియం పెట్టె చూసి, భజన కూడా ఉంది కాబోలనుకున్నారు. స్టేజీ మీద అద్దం ఉండదు కదా, బొట్టు ఎక్కడ అంటించాలని కస్తూరి కంగారు పడింది. నరసమ్మ గారు ఆవిడ నొసటి బొట్టు తీసి, కిందికి దిగి వెళ్ళి, ముందు వరుసలో నట్టనడుమ భూషణం గారిని కూర్చోబెట్టి, ఆయన చేతికర్ర పిడి మీద అంటించారు. అన్నాళ్ళు ఆయన్ని మెట్ల మీద కూర్చోబెట్టిన మనిషి ఆవిడే.

కస్తూరి ఒక్కతే వచ్చింది. ఒకరిద్దరు "సారేరి?" అని గొణిగారు. నేను మొదలుపెట్టాను, ఈసారి ఎవరి కోసమూ ఆగకూడదని ఒట్టు పెట్టుకుని. సల్సా అడుగులు నాలుగు వేసి, పాదాలు సర్దుకుని, ఆవిడ ఒంటికాలి మీద లేచింది. జనం లెక్కపెట్టడం మొదలుపెట్టారు. ఒక్కొక్క గిరికీకీ దిగి, మళ్ళీ తానే మొదలుపెట్టి, మళ్ళీ లేచి, మొత్తం ఏడు. పన్నెండు కాదు. ఏడో దాంట్లో తూలింది కూడా, నిలదొక్కుకుంది. ఏడుసార్లూ కుడిచెయ్యి నెత్తి మీదికి లేచింది, వేళ్ళు విచ్చుకున్నాయి.

స్టేజీ పక్కన కూర్చున్నాను కనుక నాకు ఇద్దరూ కనిపించారు. భూషణం గారి ఎడమచేతిలో బొట్టు పెట్టిన కర్ర ఉంది. కుడిచెయ్యి చెవి పక్కనుంచి పైకి లేచి, వేళ్ళు కిందికి వంచుకుని, గాలిలో నిలబడి ఉంది. ఆయనకు ఆ సంగతి తెలిసినట్టు లేదు. వెనక వరుసలో పెద్దమనిషి ఆయనేదో అడగాలనుకుంటున్నాడని ముందుకు వంగి, "ఏం కావాలండీ?" అన్నాడు. ఆయనకు వినపడలేదు.

చప్పట్లు చాలాసేపు మోగాయి. బడి మూసే మాట ఆ సాయంత్రం ఎవరూ ఎత్తలేదు. తలుపు దగ్గర కొత్తగా చేరతామని పేర్లు రాయిస్తున్నవాళ్ళకు కస్తూరి బొట్టు లేని నొసటితోనే సమాధానాలు చెబుతోంది. మేము పిల్లల్ని లెక్కపెట్టి వ్యాను ఎక్కిస్తుంటే మోక్షిత ఎక్కకుండా మెట్టు మీదే నిలబడిపోయింది. దాని మొహం చూస్తే పెద్ద ఫిర్యాదే ఉన్నట్టుంది.

"టీచరమ్మా, ఏడుసార్లూ ఆంటీ చెయ్యి పైకే ఉంది. మీరు చూసేరా?"

"చూసేను."

"మరి తప్పు కదా?"

నరసమ్మ గారు ఆ పిల్ల నొసట పక్కకు జరిగిన బొట్టును వేలితో మధ్యకు జరిపారు.

"తప్పే" అన్నారు. "నువ్వెత్తితే."